నష్టభయ భత్యం

సౌభాగ్య మహిళా పొదుపు సంఘం పుట్టిన దగ్గర్నుంచీ అందులో ఒక్క రూపాయి మునగలేదు. చివరికి అదే దాని కొంప ముంచింది.

కొమ్మరపాలెం పెద్ద ఊరేం కాదు. ఒక రైలు గేటు, రెండు రైసుమిల్లులు, ఒక జూనియర్ కాలేజీ, బస్టాండు. బస్టాండు వెనక వీధిలో, మందుల షాపు పైన మేడగదిలో ఉండేది సంఘం ఆఫీసు. ఊళ్లో ఆడవాళ్లు కూరల డబ్బుల్లోంచీ పాల డబ్బుల్లోంచీ మిగుల్చుకున్నది అక్కడే దాచుకునేవారు, అవసరం పడితే అక్కడే అప్పు తీసుకునేవారు. ప్రెసిడెంటు హైమవతి. వకుళ ఆవిడకి తోటికోడలు.

అప్పిచ్చే ముందు ఆస్తి కాగితాలు చూడడం, జీతం చీటీలు అడగడం ఆ సంఘంలో లేవు. హైమవతీ, ఇంకో ఇద్దరు కమిటీ వాళ్లూ చెప్పాపెట్టకుండా ఆ ఇంటికి కాఫీకి వెళ్లేవారు. కాఫీ తాగుతూ వంటింటి గూట్లో స్టీలు గిన్నెల మీద చెక్కించిన పేర్లు చదివేవారు. అన్నీ ఆ ఇంటివాళ్ల పేర్లే అయితే మర్నాడే అప్పు. పక్కింటివాళ్ల గిన్నె ఒకటుండి, తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదని అందులో కాస్త గోంగూర పచ్చడో నాలుగు జంతికలో వేసి ఉంటే మరీ మంచిది. ఊరందరి పేర్లూ ఉండి ఆ ఇంటి పేరు మాత్రం లేకపోతే, కాఫీ బాగుందమ్మా అని చెప్పి లేచి వచ్చేసేవారు. మిల్లు వీధి గవర్రాజు పెళ్లాం అప్పుకి అర్జీ పెట్టుకున్నప్పుడు, వాళ్ల గూట్లో హైమవతికి తన పెళ్లినాటి మరచెంబు కనిపించింది. గవర్రాజుకి అప్పు పుట్టలేదు. మరచెంబూ తిరిగి రాలేదు.

వకుళ డిపాజిట్ ఆ శ్రావణానికి చేతికి రావాలి. ఆ డబ్బుతో బస్టాండు మూల కొట్టు అద్దెకి తీసుకుని కర్రీ పాయింట్ పెడదామని ఆమె కోరిక. కోరికంటే ఇవాళ్టిదా? పెళ్లయి వచ్చినప్పట్నుంచీ ఇంట్లో ఎవరికి ఏ శుభకార్యమైనా వంట ఆమెదే, పేరు మాత్రం మరొకరిది. మొగుడు భాస్కరం బట్టల షాపులో లెక్కలు రాస్తాడు.

"కూరలు కట్టి అమ్ముతావా? మా వంశంలో ఎవరూ పొట్లాలు కట్టలేదే," అన్నాడు.

"మీరు రోజూ చేసేదేవిటండీ? చీరలు పొట్లం కట్టడవేగా," అంది వకుళ.

కొట్టు యజమాని సత్తిరాజు గారు దసరా దాకా ఆగుతానన్నారు. అప్పటికి అడ్వాన్సు రాకపోతే సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడికి ఇచ్చేస్తానన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సహకార శాఖ నుంచి సర్క్యులర్ వచ్చింది. మహానగరాల్లో పెద్ద పెద్ద మదుపుదారులు రిస్కు తీసుకుంటే అందుకు అదనంగా లాభం అడిగి పుచ్చుకుంటున్నారట. రిస్కు ఎంత ఎక్కువైతే లాభం అంత ఎక్కువట. మరి గ్రామీణ మహిళలు ఈ మహాభాగ్యానికి ఎందుకు దూరం కావాలని పైవాళ్లకి ఎవరికో నిద్ర పట్టలేదు. సర్క్యులర్‌లో ఇలా ఉంది: "నష్టభయము లేనిచోట ప్రతిఫలము లేదు. ప్రతిఫలము లేనిచోట అభివృద్ధి లేదు. కావున నష్టభయము లేని సంఘములు అభివృద్ధి నిరోధకములుగా పరిగణింపబడును. తగు స్థాయిలో నష్టభయమును సమకూర్చుకొన్న సంఘముల సభ్యులకు మామూలు వడ్డీపై నష్టభయ భత్యము మంజూరు చేయబడును."

సర్క్యులర్ వెనకే ఉప సంచాలకులు పరబ్రహ్మం గారు జీపు దిగారు. మేడమెట్లు ఎక్కి, ఆయాసం తీర్చుకుని, కుర్చీలో కూర్చున్నారు.

"మీ సంఘమునందు మొండి బాకీలు ఏ మేరకు గలవు?"

"లేవండి," అంది హైమవతి. ఆ మాట చెప్పడానికి పట్టుచీర కట్టుకుని వచ్చింది.

"ఒక్కటియును?"

"ఒక్కటంటే ఒక్కటి లేదండి."

నాడి దొరకని రోగి చెయ్యి వదిలేసిన డాక్టరులా పరబ్రహ్మం గారు కళ్లజోడు తీసేశారు. "శోచనీయము. పొరుగు మండలపు సంఘమును చూడుడు. గత మాసమున వారి కోశాధికారి నగదు సమస్తముతో అదృశ్యుడైనాడు. జిల్లాలో ప్రథమ బహుమతి వారిదే. మీకు సున్న."

సున్న అనే మాట హైమవతి చదువుకునే రోజుల్లో కూడా విని ఎరగదు. మొహం జేవురించింది. "మాకు కొంచెం టైమివ్వండి, మేమూ తెచ్చుకుంటాం," అంది.

ఆ సాయంత్రం సంఘం మీటింగు పెట్టారు. టైలరింగ్ చేసే నూకరత్నం అందరికంటే ముందు నోరు తెరిచింది. "అంటే ఏటండీ, మనం దొంగలం కాదని మనమీద కోపమా ఆరికి?"

"కోపం కాదే. మనకి ఇంకా వడ్డీ రావాలని వాళ్ల తాపత్రయం," అంది హైమవతి. "రిస్కుంటే వడ్డీ ఎక్కువొస్తుందిట. మన దగ్గర రిస్కు లేదు. తెచ్చుకోవాలి."

"అక్కయ్యా," అంది వకుళ నెమ్మదిగా, "ఎండలో తిరిగినవాడికి దాహం ఎక్కువ వేస్తే రెండు గ్లాసుల మజ్జిగ ఇస్తాం. రెండో గ్లాసు కోసం అందర్నీ ఎండలో నిలబెడతామా?"

"నువ్వు వంటిల్లు దాటి ఆలోచించవు," అంది హైమవతి.

మొదటి రిస్కు పేరు వాచ్‌మన్ సింహాచలం. అతన్ని మాన్పించారు. ఇనప్పెట్టె తాళంచెవి అప్పటిదాకా హైమవతి మెళ్లో పుస్తెలతోపాటు ఉండేది. దాన్ని గుమ్మం పక్కన మేకుకి తగిలించారు. పరబ్రహ్మం గారు వచ్చి చూసి, మేకు మరికాస్త కిందికి ఉంటే వచ్చేపోయేవాళ్లకి సౌకర్యంగా ఉంటుందని సూచించారు. బోర్డు మీద వడ్డీ పక్కన సుద్దముక్కతో భత్యం రాశారు.

ఇంతవరకూ ఊరు పట్టించుకోలేదు. బోర్డు మీద అంకె పెరిగాక పట్టించుకుంది. మేడమీద వర్షం నీళ్లు కారిన రోజు అంకె ఇంకాస్త పెరిగింది. కొత్తగా వేసిన క్యాషియరు మీద పాత ఊళ్లో కేసు ఉందని తెలిసిన రోజు మెట్ల మీద క్యూ మందుల షాపు దాటింది. మిల్లు గుమాస్తాలు, కాలేజీ లెక్చరర్లు, ఎల్లైసీ ఏజెంట్లు పెళ్లాల పేరుమీద డిపాజిట్లు కట్టడానికి వచ్చారు. సింహాచలమే క్యూని అదుపు చేశాడు, అలవాటు కొద్దీ.

భాస్కరం రాత్రి అన్నం దగ్గర విస్తుపోతూ చెప్పాడు. "ఆ క్యాషియరు ఒక్కడూ మూడు వందల మందిని తెచ్చాడే! ఇలాంటివాడు ఇంకొకడు దొరికితే మీ అక్కయ్య జిల్లాలోనే ఫస్టు."

"నా డబ్బు తీసేసుకుంటానండీ."

"పిచ్చిదానా! ఇప్పుడు తీస్తారా ఎవరైనా? సంఘం ఇప్పుడిప్పుడే కదా పాడవుతోంది!"

రెండో రిస్కు అప్పులు. వాయిదాలు సరిగ్గా కట్టేవాళ్లకి అప్పు ఇస్తే నష్టభయం ఎక్కణ్ణుంచి వస్తుంది? పరబ్రహ్మం గారు హామీ పద్ధతి తిరగేశారు. ఇకపై అర్జీదారు అప్పు తీర్చదని ఇద్దరు పెద్దమనుషులు సంతకం పెట్టాలి. గిన్నెల తనిఖీ మాత్రం ఆయనకి ఎంతో నచ్చింది. దానికి "అన్యనామ పాత్రా శాతము" అని పేరు పెట్టి, జిల్లా అంతటా అమలు చేయించారు. గూట్లో పరాయి పేర్ల గిన్నెలు ఎంత ఎక్కువుంటే అర్హత అంత ఎక్కువ.

నూకరత్నం పాత మిషను పాడై కొత్త దానికి అర్జీ పెట్టుకుంది. గిన్నెలన్నిటి మీదా నూకరత్నం, నూకరత్నం అని ఉంది.

"పాత్రా శాతము శూన్యము. పైగా ఈమె గతమున మూడు పర్యాయములు అప్పు పుచ్చుకొని, మూడు పర్యాయములు గడువునకు ముందే చెల్లించిన నేరచరిత్ర గలది. తిరస్కరించడమైనది," అన్నారు పరబ్రహ్మం గారు.

"ఈసారి కట్టనండీ బాబూ! మా అమ్మతోడు, పైసా కట్టను!" అంది నూకరత్నం కళ్లనీళ్ల పర్యంతమై.

"అందరును అట్లే అందురమ్మా. తీరా వాయిదానాటికి వచ్చి కట్టెదరు."

గవర్రాజు పెళ్లాం అర్జీ అటకమీంచి దింపారు. వాళ్ల వంటింట్లో నూటికి నూరు శాతం. మంచినీళ్ల బిందె మీద మునసబు గారి పేరు, ఇడ్లీ పాత్ర మీద మెథడిస్టు బడి పేరు ఉన్నాయి. పరబ్రహ్మం గారు ముచ్చటపడి అడిగినదానికి రెండింతలు మంజూరు చేశారు. ఆశపడి క్యూ కట్టినవాళ్ల డబ్బులో పెద్ద వాటా అలా మిల్లు వీధికి నడిచిపోయింది. సన్మాన సభలో గవర్రాజు మెడలో హైమవతి చేత దండ వేయించారు.

"నా మీద మీరు పెట్టుకున్న అపనమ్మకాన్ని ఎప్పటికీ నిలబెట్టుకుంటాను," అన్నాడు గవర్రాజు మైకులో. చప్పట్లు కొట్టారు. గవర్రాజు పెళ్లాం సభలో అందరికీ మంచినీళ్లు పోసింది హైమవతి పెళ్లినాటి మరచెంబుతోనే. ఆవిడ దానివంక ఒకసారి చూసి, మైకు వంక తిరిగింది.

దసరా దగ్గర పడింది. సత్తిరాజు గారు కబురంపారు, ఆ సెల్‌ఫోన్ కుర్రాడు రోజూ వచ్చి కూర్చుంటున్నాడని. వకుళ డిపాజిట్ కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్లింది. హైమవతి కుర్చీలో ఇప్పుడు పరబ్రహ్మం గారు కూర్చుంటున్నారు. హైమవతి పక్కన స్టూలు మీద ఉంది.

"గడువు తీరిందండి. నా డబ్బు ఇప్పించండి," అంది వకుళ.

"వడ్డీ, భత్యము సహితముగానా?"

"మీరు బోర్డు మీద రాసిందేనండి."

పరబ్రహ్మం గారు చిరునవ్వు నవ్వారు. చిన్నపిల్లలకి చంద్రుణ్ణి చూపించేటప్పుడు నవ్వే నవ్వు. "అమ్మా, భత్యము దేనికి? నష్టభయము వహించినందుకు. మీ అసలు మీకు క్షేమముగా ముట్టినచో మీరు నష్టభయము వహించినట్లు రుజువేమి? అసలు తిరిగి రానివారికి మాత్రమే భత్యమునకు అర్హత."

"పోనీ ఆ భత్యం నాకొద్దు. వడ్డీ కూడా వద్దండి. నేను దాచుకున్నది నాకిచ్చేయండి, చాలు."

"అదెట్లు సాధ్యము? అడిగినవెంటనే డబ్బు తిరిగి ఇచ్చు సంఘమున ఇంక నష్టభయమేమున్నది? మీ ఒక్కరి స్వార్థమునకై ఇందరి భత్యమును బలిపెట్టుదురా?"

వకుళ తోటికోడలి వంక చూసింది. "అక్కయ్యా, నువ్వేవంటావు?"

హైమవతి కిటికీలోంచి మందుల షాపు రేకులు చూస్తోంది. "రూలు, వకుళా," అంది. ఆ గొంతులో పట్టుచీర నాటి బిగువు లేదు.

మెట్ల దాకా వెళ్లి వకుళ వెనక్కి తిరిగింది. "అయితే, అప్పైతే ఇస్తారాండీ?"

"తిరిగి చెల్లించరని నిర్ధారణ అయినచో, తక్షణమే."

ఆ మధ్యాహ్నం వకుళ కూర మాడ్చింది. పెళ్లయ్యాక అదే మొదటిసారి. అలా అప్పు పుచ్చుకుంటే తన పేరు నోటీసు బోర్డు మీద ఎగవేతదారుగా పడుతుంది. రేపు కొట్టు పెట్టాక ఏ ముఖంతో పప్పు అమ్మడం? ఏ ముఖమైనా సరే, కొట్టుంటేనే కదా అనుకుని చేతులు కడుక్కుని నూకరత్నం ఇంటికి వెళ్లింది.

"నాకు నీ గిన్నెలన్నీ కావాలి."

నూకరత్నం వినేసరికి పకపకా నవ్వింది. తరవాత కళ్లు తుడుచుకుని చీరకొంగు బిగించింది. "నావొక్కటేం సరిపోతాయండీ, అన్యనామం అన్నాడు గదా ఆయన, నాలుగు వీధుల పేర్లుండాల," అని బయల్దేరింది. చీకటి పడేలోగా గోడల మీంచి, దొడ్డిగుమ్మాల్లోంచి గిన్నెలొచ్చాయి. అనసూయ గంగాళం, రమణమ్మ కూర గిన్నెలు, ఎవరి అత్తగారివో కంచాలు. వకుళ గిన్నెలు అంతే వేగంగా అవతలి ఇళ్లకి వెళ్లిపోయాయి. ఒకరిద్దరు అలవాటు చొప్పున గిన్నెలో కాస్త పులిహోర పెట్టి పంపితే నూకరత్నం తిట్టింది. "ఖాళీగా పంపండే! దొంగగిన్నెల్లో పులిహోరేటి? పట్టించేత్తారా?"

సంతకాలకి ఇద్దరు కావాలి. నూకరత్నం ఒకటి పెట్టింది: "ఈమెను ఎరుగుదును. కాఫీపొడి అరువు తీసుకుంటే అంతే సంగతులు." రెండో సంతకం భాస్కరాన్ని అడిగారు. అతను కలం తీసుకుని, క్షణం కూడా ఆలోచించకుండా, "నా భార్యకు నేను ఇచ్చినది ఏదీ తిరిగి నా చేతికి రాలేదు," అని మొదలెట్టి ఒక పేరా రాశాడు. ఇంకో కాగితం కూడా అడిగాడు. వకుళ ఇవ్వలేదు.

మర్నాడు తనిఖీ. పరబ్రహ్మం గారు గూట్లో గిన్నె గిన్నెనీ తిప్పి చదివి, లెక్క వేసుకున్నారు. కాఫీ కూడా అనసూయ గ్లాసులో ఇచ్చింది వకుళ. ఆయన వెనక హైమవతి నిలబడి ఉంది. ఆ గిన్నెల్లో ప్రతిదీ ఏ ఇంట్లో ఏ మూల ఉంటుందో ఆవిడకి తెలుసు. పదహారేళ్లు వాటిని చదివే కదా అప్పులిచ్చింది. పాలగిన్నె తీసి చూసింది. అంచున తన పేరే ఉంది. తనే పోయిన సంక్రాంతికి పాయసం పోసి పంపినది.

వకుళ కళ్లు ఆ పాలగిన్నె మీదే ఉన్నాయి. అక్కయ్య నోరు తెరిస్తే కొట్టు పోతుంది.

హైమవతి పాలగిన్నె మళ్లీ గూట్లో పెట్టి, పేరు బయటికి కనిపించేలా తిప్పింది.

"ప్రెసిడెంటు పాత్ర కూడా ఎగ్గొట్టిందండి ఈవిడ. సొంత తోటికోడల్ని, నాకు తెలుసు. మంజూరు చెయ్యండి," అంది.

"అద్భుతము!" అన్నారు పరబ్రహ్మం గారు.

వకుళ దాచుకున్నంత మొత్తం, ఒక్క రూపాయి ఎక్కువ అడక్కుండా, అప్పు పేరుతో ఆమె చేతికొచ్చింది. సాయంత్రానికి సత్తిరాజు గారికి అడ్వాన్సు ముట్టింది. నోటీసు బోర్డు మీద ఆమె పేరు ఎర్ర అక్షరాలతో ఎక్కింది. మర్నాడు ఆ బోర్డు ముందు నిలబడ్డ ఆడవాళ్లెవరూ ఆమెని తిట్టలేదు. అర్జీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

ఆ పదిరోజులూ కొమ్మరపాలెంలో ఎవరి వంటింట్లో ఎవరి గిన్నెలున్నాయో ఎవరికీ తెలీదు. తనిఖీ ఏ వీధికి వస్తే గిన్నెలు ఆ వీధికి పరిగెత్తేవి. పక్కపక్క ఇళ్లలో ఉండి చెల్లెళ్లలా పెరిగినవాళ్లు, "దీన్ని నమ్మితే గోదాట్లో దూకినట్టే," అని ఒకరికొకరు సంతకాలు పెట్టుకున్నారు. నూకరత్నానికి ఈసారి నూరు శాతం వచ్చింది. ఎవరు దాచుకున్నది వాళ్లు అప్పుగా పట్టుకుపోయారు. ఒకనాడు క్యాషియరు ఇనప్పెట్టెలో చెయ్యి పెడితే అడుగున రేకు తగిలింది. ఉన్న చిల్లర అతను తీసుకుని ఆ మధ్యాహ్నం బస్సెక్కాడు.

చివరిదాకా అర్జీ పెట్టనిది హైమవతి ఒక్కతే. ప్రెసిడెంటు అప్పు తీసుకోకూడదన్నది సంఘం మొదటి రోజున ఆవిడే రాసిన రూలు. రూళ్లన్నీ తిరగేసిన హడావిడిలో దాన్ని కొట్టేయడం అందరూ మర్చిపోయారు. వకుళ వెళ్లి బతిమాలింది. "ఇప్పటికైనా వినక్కయ్యా, నా గిన్నెలన్నీ తెచ్చి సర్దుతాను."

"వద్దులే," అంది హైమవతి. "నా గూట్లో ఇంకొకరి పేరుంటే నాకు అన్నం సయించదు."

ఆ ఏడు రాష్ట్రంలోకెల్లా అధిక నష్టభయం గల సంఘంగా సౌభాగ్య సంఘం ఎంపికైంది. తీసుకున్న అప్పు ఒక్కరూ కట్టలేదు. ఇంతటి ఫలితం శాఖ చరిత్రలో లేదట. పరబ్రహ్మం గారికి సంచాలకులుగా ప్రమోషన్ వచ్చింది. ఆశపడి చేరిన మిల్లు గుమాస్తాలూ లెక్చరర్లూ ఆఫీసు ముందు గోల చేస్తే, మీరందరూ భత్యానికి పూర్తిగా అర్హులయ్యారని వాళ్లకి అభినందన పత్రాలు పంచారు. మొదట్నుంచీ ఉన్న సభ్యుల్లో దాచుకున్నది పోగొట్టుకుని అర్హత పొందింది హైమవతి ఒక్కతే. శాలువా కప్పి, అద్దం కట్టిన పత్రం చేతికిచ్చారు. "నష్టభయ భత్యము మంజూరు చేయడమైనది. చెల్లింపు నిధుల లభ్యతకు లోబడి యుండును."

దసరా వెళ్లిన గురువారం బస్టాండు మూల కర్రీ పాయింట్ తెరిచారు. ఊరి గిన్నెలన్నీ ఇంకా ఇళ్లు చేరుకోలేదు. రోజూ ఎవరో ఒకరు పక్కింటి గిన్నె ఈ కొట్టుకే తెచ్చి ఇచ్చి, తమది వెతుక్కుని పట్టుకెళ్తున్నారు. ఖాళీది ఒక్కటీ రావడం లేదు. వకుళకి మొదటి వారం పచ్చళ్లు పెట్టుకునే పనే తప్పింది. సత్తిరాజు గారి కొట్టు వెనక భాగంలో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నది హైమవతి. రమ్మని వకుళ అడగలేదు. వస్తానని హైమవతీ అనలేదు. ఒక పొద్దుట వచ్చి కూర్చుంది. శనివారం నాడు వకుళ జీతం ఇస్తే లెక్క పెట్టుకోకుండా బొడ్లో దోపుకుంది.

ఒక సాయంత్రం కారు ఆగింది. పరబ్రహ్మం గారు దిగారు. పై ఊళ్లో మరో సంఘానికి నష్టభయం సమకూర్చి వస్తున్నారట, ఆకలిగా ఉందట. గుత్తివంకాయ గిన్నె మూత తీయించి వాసన చూశారు. కొంచెం వెనక్కి తగ్గారు.

"ఏమమ్మా, ఇది ఇవాళ వండినదేనా?"

వకుళ జవాబు చెప్పేలోగా వెనకనుంచి హైమవతి గొంతు వినిపించింది.

"అది ఇవాళ్టిదేనండి, గ్యారంటీ. నిన్నటిది కూడా కొంచెం మిగిలింది. పాడయిందో లేదో చెప్పలేం. అది తీసుకుంటే అదే రేటుకి రెండు గరిటెలు ఎక్కువ వేయిస్తాను. ఏది కట్టమంటారు?"

కొట్టు ముందు నిలబడ్డ నూకరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పరబ్రహ్మం గారు నిన్నటి గిన్నె వైపు చూశారు. ఇవాళ్టి గిన్నె వైపు చూశారు. కడుపు మీద చెయ్యి వేసుకున్నారు. పత్రాల్లో తప్ప ఇంకెక్కడా దొరకని ఆయన భాష ఒక్కసారిగా మామూలు తెలుగైపోయింది.

"వద్దమ్మా, ఇవాళ్టిదే కట్టండి. ఇంట్లో పిల్లలు కూడా తింటారు."

"అలాగేనండి," అంది హైమవతి, ఇంకో బెండకాయ అందుకుంటూ.